పాత జీపుకి బ్రేకులు: డ్రమ్ములే బాగుచేసుకోవాలా, డిస్కులు వేయించాలా?

అరకు నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు ఘాట్ దిగుతున్నప్పుడు పాత జీపు బ్రేకు రెండు రకాలుగా మోసం చేస్తుంది. మొదటి రకంలో పెడల్ గట్టిగానే తగులుతుంది, కానీ ఎంత తొక్కినా వేగం తగ్గదు, చక్రాల దగ్గర లైనర్ కమిలిన వాసన వస్తుంది. రెండో రకంలో పెడల్ మెత్తబడి, స్పంజి తొక్కినట్టు నేలదాకా దిగిపోతుంది. రెండింటికీ గుండె ఒకేలా జారుతుంది గానీ కారణాలు వేరు. మొదటిది డ్రమ్ము (చక్రంతో తిరిగే ఇనప గిన్నె), దాన్ని లోపలి నుంచి ఒత్తే షూల మీది లైనర్ కాగిపోయి పట్టు తప్పడం. రెండోది చెమ్మ పట్టిన బ్రేక్ ఆయిల్, షూలని తోసే వీల్ సిలిండర్‌లో మరిగి ఆవిరి బుడగలు పుట్టడం. ఆయిల్ నొక్కితే నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అందుకే పెడల్ దిగిపోతుంది.

డిస్కులు, అంటే బయట గాలిలోనే తిరుగుతూ ప్యాడ్ల నడుమ నొక్కబడే ఇనప పళ్ళేలు, మొదటి జబ్బుకి మందు. రెండో జబ్బుకి మందు ఒక లీటరు కొత్త బ్రేక్ ఆయిల్. ఈ తేడా చూసుకోకుండా డిస్కులు వేయించి, పాత ఆయిలూ పాత హోసులూ అలాగే వదిలేస్తే, ఖర్చంతా పెట్టాక కూడా అదే మలుపులో అదే పెడల్ కిందకి పోతుంది. అందుకని ఏది కొనాలన్న ప్రశ్న కన్నా ముందు, మీ బండికి ఉన్న జబ్బేదో తేల్చుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా కమాన్ కట్టల మీద నడిచే పాత మహీంద్రా జీపుల గురించి: సీజే 3బీ, సీజే 500డి, ఎంఎం 540, ఎంఎం 550, కమాండర్ లాంటివి. ముప్పై నలభై ఏళ్ళలో చేతులు మారుతూ, ఎవరికి దొరికిన సామాను వాళ్ళు వేసి నడిపిన బండ్లివి. ఒకే మోడల్ పేరున్న రెండు జీపుల్లో ఒకదానికి 9 అంగుళాల డ్రమ్ములు, ఇంకోదానికి 11 అంగుళాలవి ఉండటం మామూలే. పేరు చెప్పి సామాను కొనకండి. విప్పి, కొలిచి, పాత ముక్క చేతిలో పట్టుకుని షాపుకి వెళ్ళండి.

విప్పేముందు

చాలా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకి బలం పంచే గేర్ల పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఒక చిన్న డ్రమ్ముగా ఉంటుంది. అది షాఫ్టుని పట్టి ఉంచుతుంది, చక్రాన్ని కాదు. వెనక చక్రం ఒక్కటి జాకీ మీద లేచిందంటే, లేచిన చక్రం డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య రెండు చక్రాలకీ తిప్పు పంచే గేర్లు) గుండా వెనక్కి తిరిగిపోతుంది, నేల మీదున్న చక్రం దొర్లిపోతుంది. హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నా లేనట్టే. కనుక నేల మీదుండే చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టండి, ఇరుసు కింద స్టాండ్లు పెట్టండి. ఇటుకలు పగులుతాయి. ఉద్దానం వైపు చేతికందేది కొబ్బరి దుంగ, అది దొర్లుతుంది. రెండూ వద్దు.

ఇంకొకటి. పాత తరం జీపుల్లో ఎడమ పక్క చక్రాల నట్లు ఎడమ మరవి. మామూలు దిక్కున విప్పబోతే ఇంకా బిగుస్తాయి, బలం పెడితే స్టడ్ తెగుతుంది. నట్టు మీదో స్టడ్ కొస మీదో గుర్తుందేమో చూసుకుని పానా వెయ్యండి.

డ్రమ్ము ఊడకపోతే ముందు, షూని డ్రమ్ముకి దగ్గర చేసే అడ్జస్టర్ వదులు చెయ్యండి. అరిగిన డ్రమ్ము అంచున గట్టు కట్టి ఉంటుంది, షూ దానికే తట్టుకుంటుంది. కొన్ని పాత బండ్ల వెనక హబ్బు, వాలుగా చెక్కిన షాఫ్టు మీద తాళపు ముక్కతో బిగిసి ఉంటుంది. దానికి హబ్ పుల్లరే కావాలి. షాఫ్టు కొస మీద సుత్తి దెబ్బలు వేస్తే ఆ దెబ్బ లోపలి బేరింగుకీ డిఫరెన్షియల్‌కీ తగులుతుంది. పుల్లర్ లేకపోతే లారీ పని చేసే షెడ్డులో అడగండి. లారీలకి పేరుపడిన సాలూరులోనూ, విజయనగరం చుట్టుపక్కలా అలాంటి షెడ్డు వెతుక్కోవడం కష్టం కాదు.

లోపలి నల్ల దుమ్ముని గాలి కొట్టి ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ముక్కుకి మాస్కు కట్టుకుని, నీళ్ళతో తడిపి, గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యండి.

ఇప్పుడు నాలుగు సంగతులు చూడాలి.

డ్రమ్ము లోపలి వ్యాసం. కొత్త 9 అంగుళాల డ్రమ్ము 228.6 మి.మీ. ఉంటుంది, 11 అంగుళాలది 279.4 మి.మీ. డ్రమ్ము మీద హద్దు అచ్చుపోసి లేకపోతే, కొత్తదాని కన్నా 1.5 మి.మీ. పెరిగేదాకా లేతు మీద పట్టించవచ్చు. అది దాటితే గోడ పలచబడి త్వరగా కాగుతుంది, కాగినప్పుడు వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది. ఘాట్‌లో పెడల్ కొంచెం కొంచెంగా కిందకి జరగడానికి ఇదొక కారణం. రెండు మూడు చోట్ల అడ్డంగా కొలవండి. కొలతల మధ్య తేడా వస్తే డ్రమ్ము గుండ్రం తప్పింది, పెడల్ కాలి కింద కొట్టుకునేది దానివల్లే.

వీల్ సిలిండర్. రబ్బరు టోపీ అంచు ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉంటే బాగున్నట్టు. తడి కనబడితే వాషర్లు పోయాయి. పిస్టన్ చుట్టూ గోధుమ రంగు తుప్పు ఉంటే సిలిండర్ మొత్తం మార్చాలి. వాషర్ల కిట్ మాత్రమే వేసి తుప్పు గుంటల మీద నడిపితే కొత్త రబ్బరు కూడా ఎంతో కాలం నిలవదు.

ఆయిల్ సీళ్ళు. లైనర్ మీద తడి ఉంటే వాసన చూడండి. గేర్ ఆయిల్‌కి గంధకం ఘాటు ఉంటుంది. ముందు చక్రంలో అయితే నకిల్ (స్టీరింగ్‌తో చక్రం తిరిగే కీలు) లోపలి సీలు, వెనక చక్రంలో అయితే ఇరుసు సీలు పోయినట్టు. మొదట సీలు మార్చి, తర్వాతే లైనర్లు వెయ్యండి. నూనె తాగిన లైనర్‌ని మంట పెట్టి ఆరబెట్టి మళ్ళీ వేసే అలవాటు మన షెడ్లలో ఉంది. మంటకి పైనున్న నూనె పోతుంది, లోపలిది పోదు. మొదటి ఘాట్‌లో వేడికి అది ఊరి పైకి వస్తుంది, బండి ఒక పక్కకి లాగుతుంది.

హోస్ పైపులు. బయటికి బాగానే కనబడుతూ లోపల ఉబ్బి దారి మూసుకుపోయిన హోసు, తొక్కినప్పుడు ఆయిల్‌ని పంపుతుంది గానీ కాలు తీశాక వెనక్కి రానివ్వదు. ఒక్క చక్రమే పట్టేసి కాగిపోతుంటే ముందు అనుమానం దీని మీదే. ఆ చక్రం బ్లీడర్ (ఆయిల్‌లోంచి గాలి తీసే చిన్న మర) వదులు చెయ్యగానే చక్రం ఫ్రీగా తిరిగితే, దారి హోసులోనో పైపులోనో మూసుకుపోయిందన్నమాట. బ్లీడర్ విప్పినా తిరగకపోతే సిలిండరో షూనో జామ్ అయింది.

ఈ నాలుగూ చూశాక మీ ముందుండే దారులు మూడు.

మొదటి దారి: ఉన్న డ్రమ్ములనే పూర్తిగా బాగుచేయడం

బండి ఊళ్ళోనే తిరుగుతూ, నెలకోసారి మన్యం వైపో సముద్రం వైపో వెళ్ళేవాళ్ళకి మేం చెప్పేది ఇదే. తక్కువ ఖర్చని కాదు. సరిగా కూర్చిన డ్రమ్ము బ్రేకు ఈ బరువున్న బండిని, అది పోయే వేగంలో, నాలుగు చక్రాలూ లాక్ అయ్యేంత బలంగా ఆపగలదు. తిరిగే డ్రమ్ము ముందు షూని తనలోకి లాక్కుంటుంది కాబట్టి కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేకున్నా కాలికి మరీ బరువనిపించదు. జీపు డ్రమ్ముకి చెడ్డపేరు తెచ్చింది సగం సగం రిపేర్లే.

పూర్తిగా అంటే ఇదీ సామాను: ఎనిమిది షూలకి లైనర్లు, చక్రానికొక వీల్ సిలిండర్ చొప్పున నాలుగు, ముందు డ్రమ్ముల్లో రెండేసి ఉంటే ఆరు, హోసులు బండిని బట్టి మూడో నాలుగో, షూ స్ప్రింగుల సెట్టు, పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ కొత్తది, నాలుగు బ్లీడర్లు, బ్రేక్ ఆయిల్ ఒక లీటరు. అర లీటరు దాకా వ్యవస్థలో పడుతుంది, మిగతాది పాతదాన్ని తోసి కడగడానికి. ముందు సిలిండర్ల బోరు (లోపలి వ్యాసం), వెనక సిలిండర్ల బోరు వేరుగా ఉండొచ్చు. బయటి నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. తారుమారైతే వెనక చక్రాలు ముందే పట్టేసి, వానరోడ్డు మీద బండి వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. కొన్నప్పుడే సున్నపు చాక్‌పీస్‌తో ముందు, వెనక అని రాసి పెట్టుకోండి.

లైనర్లు రివెట్ కొట్టించినప్పుడు రివెట్లు మధ్య నుంచి మొదలై చివరలకి పోవాలి. చివరల నుంచి కొడితే లైనర్ మధ్యలో లేస్తుంది. లైనర్‌కీ షూకీ నడుమ వేలిగోరు దూరితే ఆ పని తిరగ్గొట్టించండి. అరిగిన లైనర్ రివెట్ తల కన్నా 1 మి.మీ. ఎత్తు కూడా లేకపోతే దాని కాలం అయిపోయినట్టే.

డ్రమ్ములు లేతు పట్టిస్తే ఒకే ఇరుసు మీదున్న రెండూ పట్టించాలి, ఒకే కొలతకి. తర్వాత లైనర్ ఆ వంపుకి కూర్చుంటుందో లేదో చూడండి. డ్రమ్ము లోపల చాక్‌పీస్ రాసి, షూని చేత్తో ఆనించి తిప్పండి. తెలుపు లైనర్ మధ్యలో అంటితే ఫరవాలేదు, నడిచేకొద్దీ సర్దుకుంటుంది. రెండు చివరలే అంటితే షూ వంపు డ్రమ్ము కన్నా పెద్దది. అది కీచుమంటుంది, ఉన్నట్టుండి పట్టేస్తుంది. అలాంటి లైనర్‌ని డ్రమ్ము కొలతకి రుద్దించాలి. ఈ ఒక్క పనిని ఎక్కువమంది వదిలేస్తారు. కొత్త లైనర్లు వేశాక కూడా బ్రేకు బాగులేదనే ఫిర్యాదుల్లో చాలా వాటి మూలం ఇక్కడే ఉంటుంది.

అడ్జస్ట్‌మెంట్ రెండు రకాలు. కొన్ని డ్రమ్ముల్లో నక్షత్రంలాంటి పళ్ళ చక్రం ఉంటుంది, వెనక కన్నం నుంచి స్క్రూడ్రైవర్‌తో తిప్పడమే. 9 అంగుళాల పాత డ్రమ్ముల్లో అయితే కింద షూ మడమల దగ్గర రెండు ఎసెంట్రిక్ (కేంద్రం తప్పి తిరిగే) పిన్నులు, పైన రెండు కామ్ బోల్టులు ఉంటాయి. లైనర్లు మార్చినప్పుడు కింది పిన్నులు కూడా సరిచెయ్యాలి. రోజువారీ అరుగుదలకి పై కామ్‌లు చాలు. చక్రాన్ని తిప్పుతూ కామ్‌ని బిగించండి. చక్రం ఆగిన చోటు నుంచి, సన్నగా రాసుకుంటూ తిరిగే దాకా వెనక్కి వదలండి. ఒక్కో షూకి విడిగా చెయ్యాలి.

ఒక పక్క చక్రం విప్పినప్పుడు రెండో పక్కది ముట్టుకోకండి. ఏ స్ప్రింగు ఏ కన్నంలోదో మరిచిపోతే ఆ పక్కదే మీకు బొమ్మ.

ముందు హబ్బు విప్పాక బేరింగు బిగింపు కూడా బ్రేకు పనే. లోపలి నట్టుని చక్రం తిప్పుతూ బిగదీసే దాకా బిగించి, ఆరో వంతు తిప్పు వెనక్కి వదిలి, లాక్ వాషర్ మడిచి, బయటి నట్టు వెయ్యాలి. వదులైన బేరింగుతో డ్రమ్ము ఊగుతుంది, షూలని వెనక్కి తోస్తుంది, మొదటి తొక్కుకి పెడల్ ఖాళీగా పోతుంది.

రెండో దారి: డ్రమ్ములు అవే, మాస్టర్ సిలిండర్ రెండు గదులది

పాత జీపుల్లో ఒకే గది మాస్టర్ సిలిండర్ ఉంటుంది. నాలుగు చక్రాలకీ ఒకే ఆయిల్ దారి. ఎక్కడ ఒక్క పైపు చిట్లినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. మన తీరంలో, భావనపాడు నుంచి కళింగపట్నం మీదుగా ఇటు చింతపల్లి, కోనాడ దాకా, ఉప్పుగాలికి ఇనప పైపులు క్లిప్పుల వెనకే ముందు తుప్పు పడతాయి, బయటికి కనబడవు. మా లెక్కలో పాత జీపుకి వచ్చే ప్రమాదాల్లో పెద్దది ఇదే, డ్రమ్మా డిస్కా అన్న దాని కన్నా పెద్దది. ముందు చక్రాలకో గది, వెనక చక్రాలకో గది ఉన్న టాండెమ్ సిలిండర్ వేస్తే ఒక దారి పోయినా రెండోది మిగులుతుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే ఇది చెయ్యండి.

బోరు ఎంపికలో లెక్క చూసుకోవాలి. 25.4 మి.మీ. బోరు నుంచి 22.2 మి.మీ. బోరుకి దిగితే అదే కాలి బలానికి ఒత్తిడి సుమారు 30 శాతం పెరుగుతుంది. అదే పాళ్ళలో పెడల్ కూడా ఎక్కువ దూరం పోవాలి. మీ పెడల్ ఇప్పటికే సగం దాకా దిగుతుంటే చిన్న బోరు ముప్పు తెస్తుంది. పెద్ద బోరు వేస్తే పెడల్ పొట్టిగా, గట్టిగా ఉంటుంది గానీ కాలు ఎక్కువ బలం పెట్టాలి.

డ్రమ్ములకి పైపుల్లో ఎప్పుడూ కొంచెం ఒత్తిడి, ఇంచుమించు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 10 పౌండ్లు), నిలిచి ఉండాలి. వీల్ సిలిండర్ వాషర్ల పెదవులు గోడకి అంటుకుని ఉండటానికి, గాలి దూరకుండా ఉండటానికి ఇది. అందుకోసం మాస్టర్ సిలిండర్‌లో చిన్న వాల్వు ఉంటుంది. డిస్కు బండిలోంచి తెచ్చిన సిలిండర్‌లో ఈ వాల్వు ఉండకపోవచ్చు. కొనేటప్పుడే అడగండి.

బూస్టర్ పెట్టాలంటే వాక్యూమ్, అంటే గాలి తీసేసిన లాగుడు, కావాలి. డీజిల్ ఇంజిన్‌లో గాలి దారికి థ్రాటిల్ ఉండదు కాబట్టి ఇంజిన్‌లోకి గాలి పోయే మానిఫోల్డ్‌లో పనికొచ్చే వాక్యూమ్ పుట్టదు. ఆల్టర్నేటర్ వెనకాల ఉండే పంపు దాన్ని పుట్టిస్తుంది. ఆ పంపుకి ఇంజిన్ ఆయిల్ సన్నని గొట్టంతో వస్తుంది. గొట్టం మూసుకుపోయినా, లోపలి రెక్కలు అరిగినా బూస్టర్ నీరసపడుతుంది. పరీక్ష సులువు: ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కి, అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చెయ్యండి. పెడల్ తనంతట తాను కొంచెం కిందకి దిగాలి. దిగకపోతే బూస్టరో, పంపో, గొట్టమో, బూస్టర్ ముందుండే ఒకవైపు వాల్వో చెడింది. డ్రమ్ములు సరిగా ఉన్న తేలికపాటి జీపుకి బూస్టర్ తప్పనిసరి కాదని గుర్తుంచుకోండి.

పుష్‌రాడ్ పొడవు ఇక్కడ చాలామంది చేసే తప్పు. పెడల్ వదిలాక రాడ్డుకీ పిస్టన్‌కీ నడుమ సన్నని సందు ఉండాలి. లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ డబ్బాలోకి తిరిగిపోయే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. వేడెక్కిన ఆయిల్ వ్యాకోచించి, పోయే దారి లేక, నాలుగు బ్రేకులూ వాటంతటవే పట్టేస్తాయి. పెడల్ కొస దగ్గర 12 మి.మీ. ఖాళీ ఆట ఉంటే సరిపోతుంది. పని అయ్యాక డబ్బా మూత తీసి పెడల్ మెల్లగా తొక్కండి. మొదట్లోనే ఆయిల్ పైకి చిన్న ఊటలా చిమ్మితే రంధ్రం తెరుచుకునే ఉన్నట్టు.

మూడో దారి: ముందు చక్రాలకి డిస్కులు

అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకి పైనే ఉంటుంది, ఎస్.కోట మైదానంలో ఉంటుంది. మనుషులతో కలిపి 1,600 కిలోల జీపు 800 మీటర్లు దిగిందనుకుంటే, పుట్టే శక్తి దాదాపు 40 లీటర్ల చన్నీళ్ళు మరుగు పట్టించేంత. ఇంజిన్ కొంత మింగుతుంది, గాలి కొంత. మిగతాదంతా బ్రేకులకే. డ్రమ్ము ఈ వేడిని లోపలే దాచుకుంటుంది, డిస్కు గాలికి వదిలేస్తుంది. సాలూరు మీదుగా కోరాపుట్ ఘాట్‌లో తరచూ మనుషుల్నీ సరుకునీ వేసుకుని దిగే బండికి, వాగులు దాటే బండికి డిస్కులు నిజంగా పనికొస్తాయి. నీళ్ళలోంచి బయటికొచ్చాక డిస్కు రెండు తిప్పుల్లో ఆరిపోతుంది. డ్రమ్ము లోపల చేరిన నీరు, ఇసుక అక్కడే ఉండి గీతలు పెడతాయి.

అయితే డిస్కుకి తనంతట తాను లాక్కునే గుణం లేదు. బూస్టర్ లేకుండా డిస్కులు వేస్తే పెడల్ రాయిలా ఉండి, పాత డ్రమ్ముల కన్నా తక్కువ ఆగుతుంది. కాబట్టి మూడో దారి అంటే రెండో దారి ఖర్చు కూడా అందులోనే. సామాను లెక్క: డిస్కులు రెండు, క్యాలిపర్లు (ప్యాడ్లతో డిస్కుని రెండు వైపులా నొక్కేవి) రెండు, ప్యాడ్లు నాలుగు, క్యాలిపర్‌ని నకిల్‌కి బిగించే అడాప్టర్ ప్లేట్లు రెండు, హోసులు రెండు, డిస్కు-డ్రమ్ము టాండెమ్ సిలిండర్, బూస్టర్, వెనక బ్రేకు ఒత్తిడి తగ్గించే వాల్వు.

దొరికే కిట్లలో చాలావాటికి బొలెరో డిస్కూ క్యాలిపరే ఆధారం. అది మంచిదే. అమ్మేవాడిని మొదట అడగాల్సిన మాట: డిస్కు ఏ బండిది, ప్యాడు ఏ బండిది? శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కౌంటర్ మీద దొరికే బండి పేరు చెప్పకపోతే ఆ కిట్టు వద్దు. ప్యాడ్లు అరిగిన రోజున బండి షెడ్డులోనే ఉండిపోతుంది.

తర్వాత అడాప్టర్ ప్లేటు. 10 నుంచి 12 మి.మీ. మందం ఉక్కు, లేజర్‌తో గానీ మిషన్ మీద గానీ కోసినది కావాలి. గ్యాస్ కట్టర్‌తో కోసి గ్రైండర్ పట్టినవి ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. నకిల్‌కి గానీ క్యాలిపర్‌కి గానీ వెల్డింగ్ పెట్టకండి. ఆ వేడికి పోత లోహం పెళుసుబారి, కంటికి కనబడని పగులు పడుతుంది. బోల్టు తల మీద 10.9 అని బలం గ్రేడు అచ్చు ఉండాలి, తలే ఖాళీగా ఉన్న బోల్టు వద్దు.

డిస్కు హబ్బు మీద కూర్చునే తీరు చూడండి. డిస్కు నడుమ కన్నం హబ్బు గట్టు మీద ఖచ్చితంగా పట్టాలి. కన్నం పెద్దదై, స్టడ్లే డిస్కుని మధ్యలో పట్టి ఉంచుతుంటే అది కేంద్రం తప్పుతుంది. లేతు మీద ఒక ఉంగరం తీయించి ఆ సందు నింపాలి. డయల్ గేజీ పెట్టి చక్రం తిప్పితే ఊపు 0.1 మి.మీ. దాటకూడదు. దాటితే పెడల్ కొట్టుకుంటుంది. డిస్కు మందం వల్ల చక్రం బయటికి జరుగుతుంది, అప్పుడు నట్టు స్టడ్ మీద ఎన్ని మరలు పడుతుందో లెక్కపెట్టండి. స్టడ్ లావు ఎంతో, పట్టే పొడవు కనీసం అంత ఉండాలి. అర అంగుళం స్టడ్‌కి అది 13 మి.మీ., అంతకన్నా తక్కువైతే పొడుగు స్టడ్లు వెయ్యాలి.

రిమ్ము కూడా ముందే పెట్టి చూడండి. 16 అంగుళాల రిమ్ములో సాధారణంగా చోటు ఉంటుంది, 15 అంగుళాలదైతే క్యాలిపర్‌కి రాసుకోవచ్చు. మైనం ముద్ద క్యాలిపర్ మీద అంటించి, రిమ్ము బిగించి తిప్పి, విప్పి చూస్తే ఎంత సందు మిగిలిందో ఆ ముద్దే చెబుతుంది. 3 మి.మీ. కన్నా తక్కువైతే బురద గట్టిపడి రాసుకుంటుంది.

ఇక ఆయిల్ సంగతి. పాత డ్రమ్ము సిలిండర్‌లోని 10 పీఎస్ఐ వాల్వు డిస్కుల దారిలో ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ డిస్కుని పట్టుకునే ఉంటాయి. కొంత దూరం పోయేసరికి డిస్కు కాగి నీలం తిరగొచ్చు. ముందు దారి నుంచి దాన్ని తీసెయ్యాలి. కానీ సీజే 3బీ లాంటి బండ్లలో మాస్టర్ సిలిండర్ నేల కింద, క్యాలిపర్ల కన్నా దిగువన ఉంటుంది. అప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోకుండా 2 పీఎస్ఐ వాల్వు వేరే పెట్టాలి. పెట్టకపోతే ప్రతిసారీ మొదటి తొక్కు ఖాళీ. ఒక వాల్వు ఉండకూడని చోట ఉండటం, ఇంకోటి ఉండాల్సిన చోట లేకపోవడం: ఇంట్లో చేసిన డిస్కు మార్పుల్లో చెడేవి ఎక్కువగా ఇవే.

పొట్టి జీపుకి బరువు ముందుకి తూలడం ఎక్కువ. సీజే 3బీ చక్రాల మధ్య దూరం 80 అంగుళాలే. గట్టిగా తొక్కితే వెనక భాగం తేలికై, వెనక డ్రమ్ములు ముందే లాక్ అయితే బండి గిర్రున తిరుగుతుంది. అందుకే వెనక బ్రేకు ఒత్తిడి తగ్గించే ఆ వాల్వు. ఖాళీ మైదానంలో, తడి నేల మీద, 30 కిలోమీటర్ల వేగంలో తొక్కి, ముందు చక్రాలు ముందుగా లాక్ అయ్యేలా దాన్ని తిప్పి పెట్టుకోండి.

స్టీరింగ్ ఒక కొస నుంచి ఇంకో కొసకి తిప్పి, కమాన్ కట్టలు పూర్తిగా వేలాడేలా ఫ్రేమ్ ఎత్తి, హోసు లాగబడుతోందా, టైరుకి రాసుకుంటోందా చూడటం మరవకండి.

సముద్రం ఒడ్డునుండే బండికి డిస్కుల పని కొంచెం ఎక్కువే. రెండు వారాలు ఆగితే తుప్పు పొర కడుతుంది. అది పైపైదే, నాలుగు బ్రేకులకి పోతుంది. క్యాలిపర్ జారే పిన్నులు మాత్రం ఉప్పుకి పట్టేస్తాయి. ఆరునెలలకోసారి విప్పి, తుడిచి, వేడి తట్టుకునే సిలికాన్ గ్రీజు రాయాలి. అది చేయలేననుకునేవాళ్ళు రెండో దారిలోనే ఆగడం మంచిది.

ఇరుసునే మొత్తంగా మార్చేసే నాలుగో దారి ఉంది. గేరు నిష్పత్తి ముందు, వెనక సరిపోవాలి, స్టీరింగ్ రాడ్లు, కమాన్ చోట్లు అన్నీ మారతాయి. ఇంటి ముంగిట చేసే పని కాదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చడాన్ని కట్టడి చేశాయి. పదిహేనేళ్ళు దాటిన బండి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి వెళ్ళాల్సిందే. డిస్కులకి కూడా డబ్బు కట్టేముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఆయిల్, పైపులు

డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, చెమ్మ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్ 4 కి ఆ అంకెలు 230, 155. ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి, ధరలో తేడా కొద్దే. ఏ దారి ఎంచుకున్నా డాట్ 4 పొయ్యండి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏటా వానలు వెలిశాక మార్చండి. మూత తీసి దాచిన డబ్బాలోది వాడకండి, అదీ చెమ్మ తాగే ఉంటుంది. డాట్ 5 అనే సిలికాన్ ఆయిల్ వేరే జాతి, పేరు చూసి పొరపడి కలపొద్దు. సిలిండర్ భాగాలు పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడిగితే రబ్బర్లు ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

పైపు చాలా జీపుల్లో 4.76 మి.మీ. ఉక్కుది. తీరానికి దూరంగా ఉండే పార్వతీపురం, బొబ్బిలి వైపు ఉక్కు పైపే చాలు. సముద్రం గాలి తగిలే ఊళ్ళకి రాగి-నికెల్ మిశ్రమం పైపు దొరికితే అదే వెయ్యండి. ఒట్టి రాగి గొట్టం, ఏసీ పనికి వాడేది, సులువుగా వంగుతుందని వేస్తారు. అది అదురుకి గట్టిపడి మెడ దగ్గర పగులుతుంది, బ్రేకుకి పనికిరాదు. పైపు మూతిని రెండు మడతలుగా విప్పాలి. ఒక మడతది ఒత్తిడికి చీలుతుంది.

గాలి తీయడం, మొదటి ప్రయాణం

మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలు: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. బ్లీడర్‌కి పారదర్శకంగా ఉండే గొట్టం తొడిగి, దాని కొస సీసాలో కొంచెం ఆయిల్‌లో మునిగి ఉండాలి. లోపలివాళ్ళు నెమ్మదిగా తొక్కి పట్టుకుంటే మీరు బ్లీడర్ తెరవడం, మూశాకే వాళ్ళు కాలు తీయడం. డబ్బా ఖాళీ అయితే మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి ప్రతి ఐదారు తొక్కులకీ నింపండి. క్యాలిపర్లు ఎడమవి కుడికి, కుడివి ఎడమకి బిగించి ఉంటే బ్లీడర్ కింది వైపు వస్తుంది, పైన గాలి ఎప్పటికీ పోదు. గంటసేపు తొక్కినా పెడల్ మెత్తగానే ఉంటే అదొకసారి చూడండి.

తర్వాత పెడల్‌ని బలంగా ఒక నిమిషం నొక్కి పట్టుకోండి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ లోపలి వాషరు వదిలేస్తోంది. ప్రతి జాయింటునీ పొడి కాగితంతో ఒత్తి చూడండి. హ్యాండ్ బ్రేకు డ్రమ్ము కూడా ఇప్పుడే విప్పండి. ట్రాన్స్‌ఫర్ కేసు సీలు కారితే ముందు తడిసేది ఆ లైనరే.

కొత్త లైనర్లు, ప్యాడ్లు సర్దుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 15 కి వేగం తగ్గిస్తూ పది పదిహేను సార్లు మెత్తగా బ్రేకు వెయ్యండి, నడుమ అర నిమిషం చల్లారనివ్వండి. కాగి ఉన్నప్పుడు ఒకేచోట తొక్కిపట్టి నిలపకండి. డ్రమ్ములైతే 300 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ అడ్జస్ట్ చెయ్యాలి.

ఘాట్‌కి తీసుకెళ్ళేది ఆ తర్వాతే. ఎక్కిన గేరులోనే దిగండి. లో గేరు పడాలంటే ఫోర్ వీల్ కూడా పడాల్సిన జీపుల్లో తారు రోడ్డు మలుపుల మీద అది వాడొద్దు, షాఫ్టులు గుంజుకుంటాయి. దిగాక ఎస్.కోట చేరేలోపు ఎక్కడైనా చదునుగా ఉన్న చోట ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి వెనక వైపు దూరం నుంచి పెట్టి చూడండి, తాకకండి. ముందు రెండూ ఒకేలా, వెనక రెండూ ఒకేలా వేడిగా ఉండాలి. ఒక్కటే మండిపోతుంటే ఆ చక్రం షూనో, హోసో, క్యాలిపర్ పిన్నో వదలట్లేదు. ఒక్కటే చల్లగా ఉంటే అది అసలు పనిచెయ్యట్లేదు, బరువంతా మిగతా మూడూ మోస్తున్నాయి.